ఒంటె బేరంలో వచ్చింది

మొదట అక్కడ అమ్మింది ఐసు.
ముసలి ఆగస్ట్ కెసెనిక్
జనవరిలో సరస్సును రంపంతో కోసి
రంపపు పొట్టులో పొదిగి
జూలైలో మిల్వాకీ కసాయి కొట్లకు తోలేవాడట.
కరెంటు పెట్టెలొచ్చాక
సరస్సు ఉత్త నీళ్ళైపోయింది.

అప్పుడాయన భార్య ఒటిలియా
ఖాళీ ఐసుకొట్టులో దీపాలు కట్టి
గుర్రమెక్కితే ఐదు సెంట్లని
అట్టముక్క మీద రాసింది.
దివాలా తీసిన సర్కస్ నుంచి
ఇరవై మూడు కొయ్య గుర్రాలు, ఒక ఒంటె.
ఒంటె ఎందుకంటే
బేరంలో వచ్చింది.

నేను చేరేనాటికి మూడో తరం.
పొద్దున్నే, తడి ఆరకముందే
చెక్క రోలర్ కోస్టర్ పట్టాల మీద
సుత్తి పట్టుకుని నడవడం నా పని.
బోల్టుకొక దెబ్బ.
బిగువైంది ఖంగుమంటుంది.
వదులైంది
అబద్ధమాడే పిల్లాడిలా నసుగుతుంది.

ఆ ఇంటి గొడవలు పైనుంచే వినేవాణ్ణి.
నార్బర్ట్‌కి కొత్త ఇనప చుట్లు కావాలి,
చెల్లెలు లవీనాకి
అప్పు లేని సెప్టెంబరు ఒక్కటి చాలు.
టికెట్ల గదిలో చిల్లర లెక్కపెడుతూ
వారాల తరబడి మాటల్లేవు.

పోలియో వచ్చిన ఎండాకాలం
ఇద్దరూ కలిసి గేటుకి తాళమేశారు.
అయినా రోజూ చీకటి పడేవేళ
లవీనా ఒక్కతే మీట లాగి
ఖాళీ గుర్రాల్ని తిప్పేది.
"నిలబెడితే బిగుసుకుపోతాయి" అనేది.
ఆమె కొడుకు ఆసుపత్రిలో
ఇనప పెట్టెలో పడుకుని ఊపిరి తీస్తున్నాడని
నాకు ఆకులు రాలేదాకా తెలీదు.

నార్బర్ట్ పోయిన ఏడు
గుర్రాల మెడలకి అంకెలు కట్టి వేలం వేశారు.
పదకొండో నంబరు, ఒంటి గాజుకన్నుది,
షికాగోలో ఒక పళ్ళ డాక్టరు పాడుకున్నాడు.
ఒంటెను ఎవరూ పాడలేదు.
అది ఏమైందో
నన్నడక్కండి.

ఇప్పుడక్కడ ఇళ్ళు.
ఒక వీధికి రంగులరాట్నం పేరు పెట్టారు,
అది ఎటూ తిరగదు,
చెత్తకుండీ దగ్గర ఆగిపోతుంది.

మొన్న జనవరిలో సరస్సు గడ్డకట్టింది.
ఇప్పుడు కోసేవాళ్ళెవరు?
అలవాటు చావక కర్రతో కొట్టుకుంటూ
నలభై అడుగులు లోపలికి నడిచాను.
ఖంగు, ఖంగు, ఖంగు.
తర్వాతిది
కాస్త నసిగింది.

వెనక్కి తిరిగాను.