తరుగు

ఎలక్షన్ కోడ్ వచ్చిన మూడో రోజు
లాలాపేట స్టేషన్లో నా బల్ల ముందు
తుపాకులు వరస కట్టాయి,
వాటి వెనక మనుషులు.

నేను రైటర్ని.
లైసెన్సు నంబరు, గొట్టం మీద చెక్కిన నంబరు,
తూటాలెన్ని, పేలినవెన్ని,
పేలనివి ఎందుకు పేలలేదని కూడా
రాయమంటే రాస్తాను.
ఒక్క అంకె తప్పితే పైనుంచి ఫోనొస్తుంది.
మనిషి పేరులో అక్షరం పోతే ఎవరూ అడగరు.

మిర్చి సీజను. గాలి యార్డు వైపు నుంచి మళ్ళితే
లాకప్పులో వాడూ, సీఐ గారూ, నేనూ
ఒకేసారి తుమ్ముతాం.
ఈ ఊళ్ళో సమానత్వం అంటే నాకు తెలిసింది అదే.

జిన్నింగు మిల్లు కాపలా మస్తాన్‌వలి
"పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పేల్చలేదు సార్" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు.
కాంట్రాక్టరు గారి డ్రైవరు
రివాల్వర్ని కాజాల డబ్బాలో తెచ్చాడు.
ఇంకోటుండాలే అన్నాను.
రిపేరుకిచ్చాం అన్నాడు.
రిపేరు అని రాశాను.
ఇద్దరం డబ్బా వైపు చూశాం.

ప్రతిదాని మెడకీ పురికొస కట్టి
అట్టముక్క మీద నంబరు వేస్తాను.
బడికొచ్చిన పిల్లల్లా గోడకానుకుని
కిక్కురుమనవు.
ఓట్ల లెక్క తేలేదాకా వాటికి సెలవులు లేవు.

మధ్యాహ్నం దాటాక వజ్రమ్మ వచ్చింది,
పాత చీర ముక్కలో చుట్టిన ఒంటిగొట్టం తుపాకీతో.
మొగుడు కౌలుకు చేసినన్నాళ్ళూ
కొండవీటి పందుల్ని బెదిరించింది అది.
ఆయన పోయాడు. కౌలు పోయింది.
ఆమె ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ నీడలో
కిలోకింత అని ముచికలు తీస్తుంది.
తుపాకీ ఇంకా ఆయన పేరునే బతికుంది.

బల్ల పక్కన కానిస్టేబుల్ ప్రసన్న పేపరు చదువుతోంది:
జనాభా లెక్కన మళ్ళీ పంచితే
ఢిల్లీ సభలో మన వంతు సన్నబడుతుందట.
"ఎందుకంటమ్మా?" అంది వజ్రమ్మ.
"పిల్లల్ని తక్కువ కన్నాం కదా పిన్నీ."

కాసేపు ఏమీ అనలేదు.
"ఇద్దరు చాలన్నారు. చాలనుకున్నాం.
పెద్దాసుపత్రికి నడిచెళ్ళి కోయించుకుని
నడిచొచ్చా, వాళ్ళిచ్చిన స్టీలు బకెట్టు పట్టుకుని.
టిక్కీకి కిలో తరుగు తీస్తే
తేమ ఉందంటారు, తాలు ఉందంటారు.
మా మాటకి తరుగు తీస్తే ఏముందంటారు?"

చట్టం తెలిసినవాణ్ణి కదా, నేనన్నాను:
"అక్కడి మనిషీ మనిషే గదమ్మా.
ఇక్కడ పదిమందికి ఒకడు మాట్లాడి
అక్కడ ముప్పైమందికి ఒకడే మాట్లాడితే
అదీ న్యాయం కాదు."
"నిజవే," అంది వెంటనే.
ఆ జవాబుకి నేను సిద్ధంగా లేను.
"వాళ్ళ సరుకు వాళ్ళది, తూయాల్సిందే.
కాటా పట్టుకున్నోడు
మన కళ్ళ ముందు తూయాలి గదయ్యా.
యార్డులో అయినా రాళ్ళు చూపించమని అడుగుతాం."

ఎన్నికల డ్యూటీలో నా పోస్టల్ ఓటు
రెండుసార్లు కౌంటింగు అయ్యాక చేరిందని
ఆమెకి చెప్పలేదు.
యూనిఫాంలో చెప్పే సంగతి కాదు.

వేలిముద్ర వెయ్యమన్నాను.
నీలం సిరాలో అద్ది నొక్కింది.
ముచికలు తీసీ తీసీ అరిగిన బొటనవేలు,
గీత ఒక్కటీ పడలేదు.
ఇంకోసారి. మళ్ళీ అదే:
నున్నటి మచ్చ, ఎవరిదైనా కావచ్చు.
పక్క గడిలో తుపాకీ నంబరు
ఏడంకెలూ ముత్యాల్లా.

"పడిందా?" అంది.
పడింది అన్నాను.
రసీదిచ్చాను. రెండు మడతలు పెట్టి,
మళ్ళీ విప్పి,
"ఇది చూపిస్తే తుపాకీ ఇస్తారా,
ఆయన పేరు కొట్టేస్తారా?" అని అడిగింది.

రెండూ నా చేతిలో లేవు.
గాలి మళ్ళింది. తుమ్మాం.