చెప్పులు బయటే

లాలాపేట నుంచి నడిచొచ్చిందట.
మిర్చియార్డులో తొడాలు తీసే చేతులు,
వేళ్ళ కొసలు ఇంకా మండుతున్నట్టు
అర్జీని అంచులతోనే పట్టుకుంది.

తహసీల్దారు ఆఫీసు గుమ్మం దగ్గర
చెప్పులు విడిచింది.
"విడవక్కర్లేదమ్మా, రా" అన్నాను.
నా వెనక గోడకేసి చూసి
"లోపల దేవుడున్నాడుగా" అంది.

ఉన్నాడు.
పదకొండేళ్ళుగా నా కుర్చీకి పైన,
ట్యూబులైటుకి కింద.
శుక్రవారం శుక్రవారం మూర పూలు, రెండు అగరొత్తులు.
పెట్టింది నేనే, డబ్బులు నావే.
మేకు మాత్రం సర్కారుది.

పేరు?
మస్తానమ్మ.
తర్వాతి గడి, మతం. కంప్యూటరు అక్కడ ఆగింది.
గుంటూరులో మస్తాను పేరు ఎవరింట్లోనైనా ఉంటుంది.
దర్గాకి మొక్కుకుంటే పుట్టిన మా మేనమామ మస్తాన్రావు
మెడలో తులసిపూసలతోనే పోయాడు.
అయినా అడిగాను.
గడి నిండకపోతే పింఛను ముందుకి కదలదు.

ఆమె ఒకసారి పటాన్ని చూసింది, ఒకసారి నన్ను.
ఏ జవాబు చెబితే డబ్బులొస్తాయో
నా మొహంలో వెతుక్కుంది.
"మీరేది రాస్తే అదే బాబూ."

ఏం రాశానో చెప్పను.
ముప్పై ఏళ్ళ సర్వీసులో
పైసా లంచం ముట్టలేదని చెప్పుకునేవాణ్ణి.
వెనకున్నవాడి పేరు మీద
ఎన్ని దండాలు తిన్నానో
ఆ పూటే లెక్కకొచ్చింది.

అందరూ వెళ్ళాక స్టూలు లాక్కున్నాను.
పట్టుకుంటానని బంట్రోతు సుభానీ వచ్చాడు.
వద్దన్నాను,
రేపు మాట వాడి మీదికి పోతుంది.
తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని
ఆటోలో బ్రాడీపేట తీసుకెళ్ళాను.
తలుపు తీసిన మా ఆవిడ అడిగింది,
"ఏంటీ, బదిలీ అయిందా?"
"నాక్కాదు, ఆయనకి."

మర్నాడు గొడవే.
ఎవరు తియ్యమన్నారు, ఎక్కడుంది జీవో,
ఎవరికి భయపడి?
పక్క సెక్షన్లో దయానందం
బల్ల మీది వాక్యాల క్యాలెండరుని
మెల్లగా సొరుగులోకి జరిపాడు.
జరపమని నేను అనలేదు.
ఇంట్లో దీపం ముందు కూర్చుంటే మాత్రం
ఇన్నాళ్ళకి
ఫైలు గుర్తుకు రాకుండా కళ్ళు మూసుకున్నాను.

పోయిన నెల మస్తానమ్మ మళ్ళీ వచ్చింది.
గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.
"ఇప్పుడు లేడమ్మా, వేసుకుని రా" అన్నాను.
గోడ మీది లేత చదరాన్ని చూసింది,
దాని మధ్యలో మేకుని,
దాని కింద నన్ను.

"మీరున్నారుగా" అంది.