పదమూడో దెబ్బ

బాయిల దిగే ముందు
మా ఆయన గోడను కొడ్తడు.
మణికట్టుతోని పది, తలుపు తట్టినట్టు.
మోచెయ్యి నుంచి పది.
ఆఖరుకు భుజం నుంచి పది.
మిడ్జిల్ దిక్కు బాయిలు తవ్వేటోళ్ళు ఇట్ల కొట్టరు.
వాళ్ళ నాయిన కొట్టలే, తాత కొట్టలే.
ఇది వల్లెపోళ్ళ ఇద్దె కాదు,
మంచుల నేర్చుకున్నది.

రెండు చలికాలాలు
మేస్త్రి ముప్పై మందిని రైలెక్కిచ్చి తీస్కపోయిండు,
కొండరోడ్డు మీద మంచు తీసే పనికి.
పాలమూరోళ్ళకు మట్టైతేంది మంచైతేంది,
పార పారే గద, అన్నడట.

అక్కడ పొద్దున్నే ఒక సారు
వాలు మీద నిలువెత్తు గుంత తీపిచ్చి
గోడ నున్నగ చెక్కి, వేలు పెట్టి సూపిచ్చేటోడట.
ఇది రాత్రిది.
ఇది గాలి కొట్టి పలక లెక్క గట్టివడ్డది.
ఇది ఎండకు కరిగి మళ్ళ పేరుకున్న పెచ్చు.
అట్టడుగున, దీపావళికి ముందు పడ్డ మొదటి మంచు,
నేల మీదనే ఉండి నేలకు అతుక్కోనిది,
పిడికిట్ల పడితే చక్కెర లెక్క జారిపోయేది.
మా ఆయనకు ఇందుల వింతేం కనవడలే.
నల్లమన్ను, సౌడు, మొరం, గర్సు,
మేము నేలను సదివేది గూడ అట్లనే.
ఒక్కటే తేడా అంటడు:
మన పొరలు ఎవ్వరికీ తెల్వనంత పాతయి.
ఆ పొరలకు తారీకులున్నయి.

సారు గోడల నుంచి స్తంభం కోసి
పైన పార బోర్లిచ్చి, దాని మీద కొట్టేటోడు.
మణికట్టు, మోచెయ్యి, భుజం.
ఆ దినం పదమూడో దెబ్బకు
అల్మార అర జారినట్టు
పై సగం మొత్తం ముందుకొచ్చింది.
సారు నోట్‌బుక్కు మూసి, ఇయ్యాల పని లేదన్నడు.
కూలి?
కూలి గూడ లేదు.

కూలి లేని దినం
కోస్గి చెన్నప్ప డేరాల కూసోలే.
మర్సిన టీ క్యాను కోసం వాలుకు అడ్డం నడ్సిండు.
నిన్న నడ్సినం గద, ఏమైంది, అనుకుంట.
మా ఆయన విన్నది ఉరుము కాదట.
సూడి బర్రె పండుకునేటప్పుడు
ఇడ్సిన ఊపిరంత.
తర్వాత పైన ఒక గీత,
తెల్ల గుడ్డ మీద గోరుతోని గీసినట్టు.

ఇంతకంటె చెప్పడు.
టీ క్యాను దొరికిందని మాత్రం ఒకసారి చెప్పిండు.

నాకు సమజ్ కాలేదంటే
చేట తెచ్చి జొన్నలు పోసిండు,
మీద పొద్దుటి రొట్టె పర్సిండు.
రొట్టెకు బుద్ధి ఉన్నదా, జొన్నలకు పగ ఉన్నదా, సూడు, అనుకుంట
చేటను మెల్లగ వంచిండు.
కొంచెం సేపు ఏం కాలే.
నేను నవ్వబోయిన.
రొట్టె రొట్టెగనే వచ్చి నా మోకాళ్ళ మీద పడ్డది.

ఈ చైత్రంల జంగిరెడ్డికి బోర్లెండినయి,
పాత బాయి లోతు చేపిస్తనన్నడు.
నలభై మూడు డిగ్రీల ఎండ.
ఉత్తరం గోడ, పదమూడో దెబ్బకు డొల్ల పలికింది.
మోకు పట్టుకోని పైకొచ్చి కాళ్ళు దులుపుకున్నడు.
"మంచుల పోయొచ్చినంక
నీకు మట్టన్నా బుగులు పట్టిందిరా హుస్సేనయ్యా,"
అన్నడు పటేలు.
నేను గూడ తిట్టిన. ఎందుకు దాస్తు?
నాలుగు దినాల కూలి, మీద సంఘం కిస్తు.

వేరేటోళ్ళొచ్చి తవ్విన్రు.
ఆరు గజాలకు నీళ్ళు పడ్డయి.
గోడ పడలే.
హోటలు కాడ నవ్విన్రు,
నా ముందల గూడ నవ్విన్రు.
"పడలేదంటే పడలేదనే," అన్నడు మా ఆయన,
"ఇంకో ముచ్చట దానికి తెల్వది."
ఇప్పటికీ ఆ చేను కాడికొస్తే
ఉత్తరం పక్కకు పోడు, సుట్టు తిరుగుతడు.
నేను మాత్రం అడ్డంగనే పోత,
తట్ట నెత్తిన వెట్టుకోని,
అడుగు కొంచెం తేలికేసి.

రాత్రి రేకుల కింద ఉక్క.
నిద్రల ఆయన చెయ్యి
మంచం పట్టెను కొడ్తది.
మణికట్టు నుంచి పది.
కొంచెం ఆగుతది.
మోచెయ్యి నుంచి ఒకటి, రెండు.
అక్కడ నేను నా అరచెయ్యి అడ్డం పెడ్త.
కొన్ని రాత్రులు
నాకే ముందు నిద్ర పడ్తది.