లోపలి కుట్టు

నేను చొక్కాలు చూసేదాన్ని.
బొమ్మనహళ్ళిలో చెకింగ్ టేబుల్, పదమూడేళ్ళు.
పైన ఎంత మెరిసినా
పీసు తిరగేసి లోపలి కుట్టు చూడందే
పాస్ ముద్ర వెయ్యను.

బడులనూ అట్లే తిరగేస్తూ వచ్చాను.
ఒకదానికి అన్నీ అద్దాల గోడలే,
ఆయమ్మ కూచోను మాత్రం స్టూలు లేదు.
ఒకచోట ఫీజెంతంటే
పెన్సిలుతో రాసి చూపించి చెరిపేశారు.
ఇంకోదాని ముందు మా ఓబులేసు
ఆటో ఆపనే లేదు.
"ఆ వాచ్‌మన్ బూట్లు చూసినావా,
మన నెల బాడుగ" అన్నాడు.

హలసూరులో సర్దార్ల బడి ఉందని
చెప్పింది మా లైన్‌లో జసింత.
సర్కారు ఎయిడు. మనం కట్టగలిగే ఫీజు.
పదో తరగతిలో నూటికి తొంభై ఏడు పాసు.
ఆ తొంభై ఏడును వారంపాటు
టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తిరిగాను.
రాత్రయితే మాత్రం
ఆ మిగిలిన ముగ్గురూ వచ్చి
మంచం పక్కన నిలబడేవాళ్ళు.

కదిరి నుంచి మా అత్త ఫోను:
"వాళ్ళ దేవునికి దండం పెడితే
మన నరసింహస్వామి ఊరుకుంటాడా?"
ఊరుకోడేమోనని
టైఫాయిడ్ నాటి పాత మొక్కు
ఆదివారమే తీర్చేసి వచ్చాం.
సోమవారం పొద్దుగూకి మెసేజ్:
రేపు పదింటికి పిల్లవాడితో రండి.

వెంట్రుక కొయ్యని వాళ్ళ బడికి
నున్నటి గుండుతో, గంధం పూతతో
నా కొడుకు ప్రహ్లాద.
జసింత నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.
నాకు మాత్రం
మరక పడ్డ పీసును
చేతులారా షిప్పింగుకు పంపినట్టుంది.

ప్రార్థన హాలు గడప దగ్గర
బుట్ట నిండా మడతపెట్టిన కాషాయ గుడ్డలు.
నేను కొంగు కప్పుకున్నాను.
తెల్లగడ్డం పెద్దాయన, బడికి ఏమవుతాడో తెలీదు,
మోకాళ్ళ మీద కూచుని
వాడి గుండుకు గుడ్డ చుట్టాడు.
వేళ్ళకంటిన గంధం వాసన చూసుకుని
ఏ ఊరని కన్నడంలో అడిగాడు.
కదిరి అన్నాను.
లారీ నడిపిన రోజుల్లో
వేరుసెనక్కాయల లోడుకు వచ్చేవాడట,
అక్కడి ఎండ ఇంకా వీపు మీదుందట.

హెడ్‌మేడం హర్‌బీర్ కౌర్
వాణ్ణి ఏదో ఎక్కం అడిగింది. చెప్పాడు.
మతం గడిలో ఏం రాయాలని ఆయన అడిగితే
"మీదే రాయండి" అంది, తలెత్తకుండా.
"మీరేమైనా అడగాలా?"
అడిగేశాను:
ఆ ముగ్గురు ఏమయ్యారు మేడం?

గోడ మీద ర్యాంకుల ఫోటోల వైపు చూడలేదామె.
సొరుగు లాగి ఒక నోటుబుక్కు తీసింది.
ఇద్దరు మళ్ళీ రాసి గట్టెక్కారు,
ఇక్కడే సాయంత్రాలు కూచుని.
మూడోవాడి పేరు దగ్గర
మూడు ఫోను నంబర్లు కొట్టేసి ఉన్నాయి.
"ఇల్లు మారారు. వెతుకుతున్నాం" అంది.
అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం
ఆమెకు మళ్ళీ దొరకదు.

మధ్యాహ్నం పిల్లలంతా నేల మీద బంతి.
పట్కా కట్టుకున్న పిల్లాడు రొట్టెలు వడ్డిస్తూ
మావాడి ముందు ఆగాడు.
"నీ జుట్టేది?"
"దేవునికిచ్చేశా."
వాడు కాసేపు ఆలోచించాడు.
"నాదీ దేవుడిదే. కానీ నేనే మొయ్యాలి.
రోజూ అమ్మ దువ్వితే ఏడుపొస్తుంది."
ఇంకో రొట్టె వేశాడు, అడక్కుండానే.

ఇంటికొచ్చాక చూస్తే
ఆ గుడ్డ వాడి తల మీదే ఉంది.
ఓబులేసు పెట్రోలు లెక్కేస్తున్నాడు,
జోగుపాళ్య నుంచి అయితే నడిచైనా పోవచ్చంటూ
తనలో తనే.
అలవాటు కొద్దీ తిరగేసి చూశాను.
రెండు మడతల అంచు, గట్టి కుట్టు,
ఒక మూల మాత్రం నాలుగు పోగులు వదులు.
సూది వెతుకుతుంటే
అత్త ఫోను మోగుతోంది.
ముందు ఈ మూల కుట్టెయ్యనీ.
సోమవారం తిరిగి ఇవ్వాలి.