పెంకు పట్టిన రంగు

వాలుగ చేప దవడతో
పత్తి దువ్వే ఊరు మా పొందూరు.
చేప ఎముక మా చేతికి కొత్త కాదు.
అయినా గోనెసంచి విప్పి
రొయ్య పెంకులు వాకిట్లో పోస్తే
మా ఆవిడ ముక్కు మూసుకుని
"ఏటిది, రంగుల కొట్టమా, సేపల బజారా?" అంది.

సంచి పంపింది ఎర్రయ్యమ్మ.
భావనపాడు దారిలో రేకుల షెడ్డు.
తెల్లారగట్ల నుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి
తలలు తుంచి, పెంకు ఒలిచి
కిలోకింత అని కూలి తెచ్చుకునే మనిషి.
ఒలిచిన రొయ్య ఓడెక్కుతుంది.
పెంకు కాకులకి.
ఆమె వేళ్ళ చివర తోలు కూడా అలాగే ఊడుతుంది,
దానికి తూకం లేదు.

హైమ కాలేజీలో నేర్చుకొచ్చింది.
ముందు ఆమ్లం. సున్నమంతా బుస్సుమని పోయింది.
తర్వాత కాస్టిక్ సోడా, రెండుసార్లు,
రెండోసారి సలసల కాగుతూ.
"దగ్గరికి రాకు పెద్దనాన్నా" అని
నా కొట్టంలో నన్నే గుమ్మం బయట నిలబెట్టింది.
మూడోనాటికి సంచెడు కంపు
దోసెడు తెల్ల పొలుసులై మిగిలింది.
పేరు కైటోసాన్ అట.
నా నోటికి కైటోసారె అని వచ్చింది.
ఎర్రయ్యమ్మ పంపిన సారే కదా,
దిద్దుకోలేదు.

వెనిగర్లో వేస్తే గంజిలా జారింది.
అందులో ముంచి ఆరేసిన నూలుబట్టని
మంజిష్ఠ కాగులో దించాను.
ముప్పై ఏళ్ళుగా రంగు నూలుని బతిమాలుకోడమే చూశాను,
ఇంత పటిక, ఇంత ఉప్పు, ఇంకాస్త మంట.
ఈసారి బట్టే చెయ్యి చాపింది.

అసలు తగువు కాలవది.
మా తొట్టి నీళ్ళు
అప్పలసూరి మడిగట్టు పక్కనుంచి పోతాయి.
ఎరుపు అద్దిన వారం
అతను అరిచి అరిచి
ఒకరోజు గ్లాసుడు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు.
"తాగు" అన్నాడు.
ఆ గ్లాసు ఇంకా కడగలేదు నేను.

మా అమ్మ చిల్లగింజ అరగదీసి
నాగావళి వరదనీళ్ళ బిందెలో తిప్పేది.
ఆ తిప్పుడే తిప్పాను, తొట్టిలో గంజి పోసి.
ఏమీ కాలేదు.
"ఆగు" అంది హైమ.
బీడీ అయ్యేలోగా
పాలు విరిగినట్టు నీళ్ళు విరిగాయి.
ఎర్ర తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని
మెల్లగా అడుక్కి దిగాయి.
పైన నా మొహం కనబడింది, గెడ్డం మాసి.

అప్పలసూరి ఒక గ్లాసు ముంచి
ఎండకెత్తి చూశాడు. వాసన చూశాడు.
తాగమనీ అనలేదు, తాగనూ లేదు.
"మరి అడుగునున్నదో?" అన్నాడు.

అడుగునున్నది ఎర్రముద్ద.
రంగెక్కడికీ పోలేదు,
పెంకుని పట్టుకుని కూచుంది.
సిమెంటు గుంటలో ఆరబెడుతున్నాను.
దాన్నేం చెయ్యాలో హైమకీ తెలీదు.

మొదటి తుండుగుడ్డ ఎర్రయ్యమ్మకి పంపాను.
తలకి చుట్టుకుని ఒలుస్తోందట.
ఐసు నీళ్ళు మీద పడినా
రంగు కారలేదని కబురు.
చేతులు మాత్రం
అలాగే ఉన్నాయట.