పదహారున్నర అంగుళాలు

జగదాంబ సెంటర్లో ఏసీ షాపు కుర్రాడు
మోకాలి దాకా వచ్చే బూట్లని
అద్దాల బీరువాలోంచి
పసిబిడ్డని దించినట్టు దించాడు.
అట్ట మీద పద్దెనిమిది వేలా తొమ్మిదొందలు.
నా జీతం ఎంతో అతనికి తెలీదు,
తెలిసినట్టే నవ్వాడు.

జిప్పు చీలమండ దాటింది, ఇంకాస్త ఎక్కింది,
పిక్క దగ్గర ఆగిపోయింది
ఘాట్ రోడ్డు మలుపులో లోడు లారీలా.
"మీ కాలు లావండీ మేడమ్" అన్నాడు.

లావు కాదు నాయనా,
పదిహేడేళ్లుగా సిటీ బస్సులో నిలబడి
టిక్కెట్లు కొడుతున్న కాలు.
గాజువాక నుంచి సింహాచలం దాకా
ప్రతి బ్రేకుకీ నన్ను పడకుండా ఆపింది ఇదే.
ఇవన్నీ అనలేదు.
జిప్పు కిందికి లాగి, చెప్పులేసుకుని వచ్చేశాను.

నలభై ఒకటో ఏట నీకు గుర్రమేటే
అని అడగనివాళ్లు లేరు డిపోలో.
ఆ నెల నా డ్యూటీ బీచ్ రోడ్డు మీద పడింది.
ఫొటోల గుర్రం ఒకటి కళ్లెం విదిలించుకుని
పూసల దండలతో, ఎర్ర కుచ్చుతో
మా బస్సు ముందు నుంచి పరిగెత్తింది.
డ్రైవరు తిట్టాడు, జనం అరిచారు.
నేను రైట్ రైట్ అనడం మర్చిపోయాను.
అంతే. ఇంతకన్నా కారణం లేదు.

కొమ్మాది అవతల సరుగుడు తోపు పక్కన
ఆదివారం పొద్దున్న క్లాసు.
మౌంటెడ్ పోలీసులో రిటైరైన సన్యాసిరావు మాస్టారు,
బుల్లెమ్మ అనే ముసలి ఆడగుర్రం.
మొదటి వారం ప్యాంటు మడతలు
పిక్కల్ని ఒరిపిడి పెట్టి తోలు లేపేశాయి.
రెండో వారం ఫిషింగ్ హార్బర్లో కొన్న
రబ్బరు బూట్లతో వెళ్లాను.
మాస్టారు రికాబులోంచి నా పాదం పీకి చూశారు.
"ఇది పట్టేస్తాదమ్మా. పడితే వదల్దు,
గుర్రం నిన్ను భీమిలి దాకా ఈడ్చుకుపోద్ది.
నున్నటి అట్ట కావాల, మడమ కావాల."

మడమ పూర్ణా మార్కెట్లో దొరికింది.
ఎవరో కానిస్టేబులు పరేడు బూట్లు,
మూడొందల యాభై, బేరమాడితే మూడొందలు.
చీలమండ దాకానే ఉన్నాయి.
మిగతా కాలు సంగతి?

కేజీహెచ్ డౌన్లో, నల్ల గొడుగు కింద ఆసిరయ్య.
పోలియో పిల్లల కాళ్లకి బూట్లు కుట్టిన చెయ్యి.
గుర్రానికంటే నవ్వుతాడనుకున్నా.
నవ్వలేదు. కాలు పెట్టమన్నాడు.
దారం చుట్టి, ముడేసి, స్కేలు మీద పరిచి
"పదారున్నర" అన్నాడు,
కూరగాయలు తూచినంత మామూలుగా.
సాయంత్రం కొలుస్తే ఇంకో పావు ఎక్కువుంటాది,
నిలబడే పనా నీది, అని అడిగాడు.
తలూపాను.
గొంతులో ఏదో అడ్డం పడింది.
ఎదురుగా అంబులెన్సు అరుస్తూ పోయింది.

తోలెక్కడిదని అడిగితే
పోర్టు వేలంలో కొన్న ఆఫీసు సోఫాది అన్నాడు.
ఎంతమంది ఆఫీసర్లు కూచుని మెత్తబరిచారో!
ఎడమ మోకాలి కింద సిగరెట్టు కాలిన మచ్చ ఒకటి
అలాగే ఉంచమన్నాను.
పక్కన మూడు బకిల్సు, లోపల దుప్పటి గుడ్డ.
మొత్తం పదకొండొందలు,
రెండొందలు ఇంకా బాకీ.

బుల్లెమ్మ వాసన చూసి తుమ్మింది.
నా కొత్త బూటు నిండా తుంపర.
"బాలెన్సు ఎక్కడ నేర్చావు?" అన్నారు మాస్టారు.
యాభై ఐదో నంబరు బస్సులోనండీ.

ఉప్పుగాలికి మూడో రోజే తెల్లటి బూజు.
రాత్రి డ్యూటీ దిగొచ్చి ఆముదం రాస్తాను,
కూలిపోకుండా పాత పేపర్లు కుక్కుతాను.
తలుపు పక్కన నిలబడి ఉంటాయి రెండూ,
దిగాల్సిన స్టాపు వస్తోందని
ముందే లేచి నిలబడ్డ ప్యాసింజర్లలా.
కుడిదానికి కిర్రుమనే జబ్బు.
ఆసిరయ్య దగ్గరికి
మళ్లీ వెళ్లాలి.