మూడో తరగతి బెంచీలు

కఖేతి కొండల కింద మా ఊళ్ళో
ద్రాక్షరైతుల సమావేశానికి వేరే హాలు లేదు.
ఫిబ్రవరిలో బడి ఒక్కటే వెచ్చగా ఉంటుంది,
అందులోనూ మూడో తరగతి గది,
పొయ్యి పొగ తక్కువ వదిలేది అక్కడే.

ఎనిమిదేళ్ళ పిల్లలకని చేసిన బెంచీల్లో
వంద కిలోల మగాళ్ళు ఇరుక్కుని కూర్చుంటారు.
మోకాళ్ళు బల్లకి తగులుతుంటాయి.
కోపంతో దిగ్గున లేవాలంటే కుదరదు.
ముందు పక్కకి జరగాలి,
పక్కనున్నవాణ్ణి "కాస్త దారిస్తారా" అని అడగాలి,
వాడు తన కాళ్ళు కూడదీసుకుని లేవాలి,
ఈలోపు
అనాలనుకున్న మాటల్లో రెండైనా
సుద్దముక్కల్లా నేల రాలిపోతాయి.

తొమ్మిదేళ్ళుగా మినిట్స్ నేనే రాస్తున్నాను.
నా పేరు లమారా. నాకు ఓటు లేదు, తోట లేదు,
చేతిరాత మాత్రం ఉంది.

నిరుడు ఇదే గదిలో
ఎవరూ ఎవర్నీ నొప్పించలేదు.
ఎతెరి అత్త తెచ్చిన అక్రోటు మిఠాయి చప్పరిస్తూ
వాఝా చెప్పిన ప్రతిదానికీ తలలూపారు.
బానల మూతలకి ఆ బంకమట్టి చాలదని
జుంబెర్‌కి తెలుసు. ఇంకో నలుగురికీ తెలుసు.
పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటాడని
మిఠాయి నములుతూ ఊరుకున్నారు.
నేను రాశాను: "ఏకగ్రీవం."
ఏప్రిల్లో మూతలు తీస్తే
పన్నెండు బానల నిండా వెనిగర్.
ఆ పుల్లటి వాసన
ఏకగ్రీవమనే మాటని ఇప్పటికీ అంటుకునే ఉంది.

అందుకే ఈసారి జుంబెర్ నోరు విప్పాడు.
బాగానే మొదలెట్టాడు.
"మీ లెక్కలో రవాణా ఖర్చు లేదు.
మీరు చెప్పే ఫ్యాక్టరీ పోయినేడు పక్క ఊరికి
డబ్బులు ఎగ్గొట్టింది. మీకూ తెలుసు."
మీరు, మీకు, మీ
గట్టు అంచున నడిచే మనిషి
గోడ తడుముకున్నట్టు ఆ మాట తడుముకుంటూ నడిచాడు.
ఎక్కడో చెయ్యి వదిలేశాడు.
"నువ్వు అబద్ధాలాడుతున్నావు."

పొయ్యిలో కట్టె చిటపటలు.
వయసులో ముప్ఫై ఏళ్ళు పెద్ద వాఝా,
జుంబెర్‌కి తీగ కత్తిరించడం నేర్పినవాడు.

నా కలం ఆగింది.
"విభేదించారు" అని రాయనా?
నున్నగా ఉంటుంది, గులకరాయిలా,
ఎవరికీ గుచ్చుకోదు,
దేన్నీ కొయ్యదు కూడా.
ఉన్నదున్నట్టు రాస్తే
ఆ "నువ్వు" మనవల దాకా మిగిలిపోతుంది.

వాఝా లేవబోయాడు. లేవలేకపోయాడు.
మోకాలు బల్లకింద ఇరుక్కుంది.
కూర్చునే అన్నాడు:
"రాయమ్మా, ఆయన అన్నట్టే రాయి.
రవాణా ఖర్చు నేను మర్చిపోయిన మాట నిజం,
అదీ రాయి.
అబద్ధం మాత్రం ఆడలేదు, అదీ రాయి.
జుంబెర్ గారూ, మీరా ఫ్యాక్టరీ సంగతి పూర్తి చెయ్యండి."

ఆ "గారూ"లో వెక్కిరింపు ఉందేమోనని
అందరం చెవులు రిక్కించాం.
ఉందేమో, కొంచెం. ఆయనా మనిషే.

జుంబెర్ మెడ ఎర్రబడింది.
క్షమాపణ అడగలేదు.
చీకట్లో గుమ్మం వెతుక్కునేవాడిలా
"మీరు" దగ్గరికి మాత్రం తిరిగొచ్చాడు,
ఫ్యాక్టరీ గురించి అన్నది
ఒక్క ముక్కా వెనక్కి తీసుకోకుండా.

రాత్రి తొమ్మిదికి చేతులెత్తారు.
పదకొండు, ఎనిమిది. జుంబెర్ ఓడిపోయాడు.
సంతకాల దగ్గర నా కలం లాక్కుని
తన పేరు కింద రాశాడు: "నేను ఒప్పుకోలేదు."
అందులో ఒక అక్షరం తప్పు. దిద్దలేదు నేను.

తరవాత వాఝా బెంచీలోంచి బయటికి రాలేక
అవస్థ పడుతుంటే
ఎదురుగా నిలబడి చూశాడు, చాలాసేపు చూశాడు,
చివరికి బెంచీని రెండు చేతుల్తో
వెనక్కి లాగాడు.
ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

బెంచీ కాళ్ళు గీసిన గీత నేలమీద ఉంది.
దాన్ని ఏ గడిలో రాయాలో తెలీక
రిజిస్టర్ మూసేశాను.